మోషన్ మందు కొనే ముందు: మలబద్ధకానికి షాపు మందులు జాగ్రత్తగా వాడే పద్ధతి

"మోషన్ ఫ్రీగా అవడానికి ఏదైనా ఇవ్వండి." మెడికల్ షాపు కౌంటర్ దగ్గర రోజూ వినిపించే మాట ఇది. అడిగేవాళ్లు సిగ్గుపడుతూ, పక్కన ఉన్నవాళ్లు వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు. ఇచ్చేవాళ్లు హడావిడిలో చేతికి అందిన సీసా ఇచ్చి పంపుతారు. ఆ సీసాలో ఉన్నది ఏ రకం మందో ఇద్దరూ మాట్లాడుకోరు. ఈ మందులతో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతుంది.

మోషన్ మందు అంటే ఒకటే మందు కాదు. నీళ్లు పీల్చుకుని ఉబ్బే పొట్టు ఒక రకం. పేగులోకి నీటిని లాగే సిరప్‌లు, పొడులు ఇంకో రకం. పేగు కండరాన్ని కదిలించే మాత్రలు, చూర్ణాలు మరో రకం. జారేలా చేసే నూనెలు, కింది నుంచి పెట్టేవి వేరు. ఒక్కో రకం పనిచేయడానికి పట్టే సమయం వేరు, దాన్ని వాడకూడని మనుషులు వేరు. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలిస్తే సగం జాగ్రత్త తీసుకున్నట్టే. మిగతా సగం కింద వరుసగా చెబుతాను. ఇది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కోసం రాసింది. పిల్లలు, గర్భిణులు, వృద్ధుల సంగతి చివర్లో విడిగా ఉంది. అది చదవకుండా వాళ్లకు ఏ మందూ ఇవ్వకండి.

1. అసలు ఇది మలబద్ధకమేనా, చూసుకోండి

రోజూ పొద్దున్నే ఒకసారి అవకపోతే ఒంట్లో విషం పేరుకుపోతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. అది నిజం కాదు. రోజుకు మూడుసార్లు అయ్యేవాళ్లూ ఆరోగ్యంగానే ఉంటారు, వారానికి మూడుసార్లే అయ్యేవాళ్లూ ఆరోగ్యంగానే ఉంటారు. ఎన్నిసార్లు అన్నదానికంటే ఎలా అవుతోందన్నది ముఖ్యం.

వారంలో మూడుసార్లకంటే తక్కువ అవుతోందా? మలం మేక పెంటికల్లా ఉండలు ఉండలుగా వస్తోందా? బాగా ముక్కాల్సి వస్తోందా? అయిపోయాక కూడా ఇంకా ఏదో మిగిలిపోయినట్టు అనిపిస్తోందా? వీటిలో ఒకటి రెండు తరచుగా ఉంటే మలబద్ధకం అనుకోవచ్చు. మెత్తగా, కష్టం లేకుండా రెండు రోజులకోసారి అవుతుంటే మీకు మందు అవసరం లేదు. నిన్న అవలేదన్న టెన్షన్‌తో మాత్ర వేసుకోవడం అక్కర్లేని అలవాటుకు తలుపు తీయడమే.

1997లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ వైద్యులు మలం రూపాన్ని ఏడు రకాలుగా విభజించి ఒక పట్టిక ప్రచురించారు. గ్యాస్ట్రో డాక్టర్లు ఇప్పటికీ దాన్నే వాడతారు. విడివిడి గట్టి ఉండలు మొదటి రకం, గడ్డలు కట్టిన గట్టి కడ్డీ రెండోది. ఈ రెండూ మలబద్ధకం గుర్తులు. మూడు, నాలుగు మామూలు. అయిదు నుంచి పలచన వైపు వెళ్తుంది. మందు మొదలుపెట్టాక ఈ లెక్క పనికొస్తుంది. మన గురి మూడు, నాలుగు రకాలు. ఆరు, ఏడు వస్తుంటే డోసు ఎక్కువైందని అర్థం.

2. షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలు

ఈ భాగం తొందరగా దాటేయకండి. కడుపులో తీవ్రమైన నొప్పి, వాంతులు, కడుపు ఉబ్బి గట్టిపడటం, మోషన్‌తో పాటు గ్యాస్ కూడా పోకపోవడం: ఇవి కలిసి వస్తే పేగు ఎక్కడో మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు మోషన్ మందు వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. అపెండిసైటిస్‌లో కూడా మొదట్లో "మోషన్ అవక కడుపు నొప్పి" అనే అనిపిస్తుంది. అందుకే కడుపు నొప్పి, జ్వరం ఉన్నప్పుడు, ఆ నొప్పి ఎందుకో తెలియనప్పుడు మోషన్ మందు ముట్టుకోకూడదు.

అంత అత్యవసరం కాకపోయినా, సొంత వైద్యం చేయకుండా డాక్టర్‌కి చూపించుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మలంలో రక్తం, తారులా నల్లగా జిగటగా వచ్చే మలం, ప్రయత్నం లేకుండానే బరువు తగ్గడం, రక్తహీనత. ఇంట్లో దగ్గరివాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం. కొన్నాళ్లు గట్టిగా, కొన్నాళ్లు పలచగా మారుతూ రావడం. అన్నిటికంటే ముఖ్యం, 45, 50 ఏళ్లు దాటాక అంతకుముందు లేని మలబద్ధకం కొత్తగా రావడం.

రక్తం విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. రక్తం కనిపించగానే "మొలలే" అని తీర్మానించుకుని ఏళ్ల తరబడి పసర్లు, లేపనాలు వాడేవాళ్లు చాలామంది. చాలాసార్లు అది మొలలో, ఫిషరో (మలద్వారం దగ్గర చీలిక) కావచ్చు. కానీ ఆ మాట పరీక్ష చేసిన డాక్టర్ చెప్పాలి, మనం కాదు.

ఐరన్ మాత్రలు వాడేవాళ్లకు మలం నల్లగా రావడం మామూలే. అది ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు. రక్తం వల్ల వచ్చే నలుపు జిగటగా, బాగా దుర్వాసనతో ఉంటుంది. తేడా తెలియకపోతే అడగండి.

3. ఇప్పటికే వాడుతున్న మందులు ఒకసారి ముందేసుకోండి

చాలామంది మలబద్ధకానికి కారణం వాళ్ల మందుల డబ్బాలోనే ఉంటుంది. ఐరన్, కాల్షియం మాత్రలు, అల్యూమినియం ఉన్న అసిడిటీ మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, కోడీన్ ఉన్న దగ్గు మందులు, బీపీకి ఇచ్చే వెరాపమిల్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, పాత రకం జలుబు మాత్రలు, వాంతులకి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, ఇవన్నీ మోషన్‌ని బిగపడతాయి. బరువుకూ షుగర్‌కూ వాడుతున్న కొత్త ఇంజెక్షన్లు, సెమాగ్లుటైడ్ లాంటివి, వీటిలో చేరాయి.

కొత్త మందు మొదలైన రోజుల్లోనే మలబద్ధకం కూడా మొదలైతే, ఆ మందు రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి. మీ అంతట మీరు ఆపేయకండి. బ్రాండ్ మార్చినా, టైమ్ మార్చినా సరిపోవచ్చు. ఒక మందు తెచ్చిన సమస్యకు ఇంకో మందు చేర్చే ముందు ఈ ఒక్క ఫోన్ చేయడం మంచిది.

4. షాపులో ఏం చెప్పాలి, డబ్బా వెనుక ఏం చూడాలి

సిగ్గు పక్కన పెట్టండి. కౌంటర్ అవతల ఉన్నవాళ్లకు ఇది జలుబు మాత్ర అడిగినట్టే. మందు ఎవరికో, వాళ్ల వయసెంతో చెప్పండి. కిడ్నీ, గుండె, షుగర్ జబ్బులుంటే చెప్పండి. గర్భమా, పాలిస్తున్నారా, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, ఎన్నాళ్లుగా మోషన్ సరిగా లేదు, ఇవి కూడా చెప్పండి.

తర్వాత డబ్బా తిప్పి వెనుక చూడండి. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్నది బ్రాండ్ పేరు. అసలు మందు వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకే పేరుకి చివర "ప్లస్" చేరితే లోపల ఇంకో మందు చేరి ఉండొచ్చు. మెత్తబరిచే సిరప్ అనుకుని కొన్నదాంట్లో సోడియం పికోసల్ఫేట్ అనే, పేగును కదిలించే మందు కలిసి ఉండటం మామూలే. మొదటిసారి కొనేటప్పుడు ఒకే మందు ఉన్నది అడిగి తీసుకోండి. ఏది పనిచేసిందో, ఏది పడలేదో అప్పుడే తెలుస్తుంది.

రెండు రకాలు ఒకేసారి మొదలుపెట్టకండి. పొద్దున సిరప్, రాత్రి చూర్ణం, మధ్యలో మాత్ర: ఇలా వాడినవాళ్లకు తర్వాత నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి, అవి ఏ మందు వల్లో ఎవరూ చెప్పలేరు.

5. మొదట ఇసబ్గోల్

తొందర లేనప్పుడు మొదట వాడాల్సింది ఇదే. గుజరాత్, రాజస్థాన్‌లలో పండే ఒక మొక్క గింజల మీది పొట్టు ఇది. పేగులో జీర్ణం కాదు. నీళ్లు పీల్చుకుని జెల్‌లా ఉబ్బి మలాన్ని మెత్తగా, నిండుగా చేస్తుంది. రోజూ వాడినా సాధారణంగా ఇబ్బంది లేదు.

కానీ దీన్ని చాలామంది తప్పుగా తాగుతారు. ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టండి. నిండు గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, గబగబా కలిపి, చిక్కబడకముందే తాగేయండి. వెంటనే ఇంకో గ్లాసు మామూలు నీళ్లు తాగండి. ఈ రెండో గ్లాసే చాలామంది వదిలేస్తారు. నీళ్లు చాలకపోతే పొట్టు గొంతులోనో, పేగులోనో ఉండ కట్టి అడ్డుపడుతుంది. పొడిగా నోట్లో వేసుకుని నీళ్లతో మింగడం ఇంకా ప్రమాదం. ఉక్కిరిబిక్కిరి అయ్యే అవకాశం ఉంది.

పాలలో కలిపితే మోషన్ అవుతుందని, పెరుగులో కలిపితే విరేచనాలు కట్టుకుంటాయని పెద్దవాళ్లు చెబుతారు. పాలు పడేవాళ్లు పాలలో తాగొచ్చు, తప్పేం లేదు. అసలు పనిచేసేది మాత్రం పొట్టు, నీళ్లు.

పడుకోబోయే ముందు తాగకండి. రాత్రి భోజనం తర్వాత కాసేపు ఆగి, నిద్రకు కనీసం గంట, గంటన్నర ముందు తాగి, అటూ ఇటూ తిరగండి. లేదా పొద్దున తాగండి. వేరే మందులకు ముందూ వెనకా రెండు గంటల ఎడం ఉంచండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు నాలుగు గంటలు ఉంచాలి, లేకపోతే ఆ మాత్ర ఒంటికి సరిగా పట్టదు. షుగర్ ఉన్నవాళ్లు ఆరెంజ్ రుచీ అదీ కలిపిన డబ్బాల్లో చక్కెర ఉందేమో చూసుకోవాలి. ఏ రుచీ కలపని పొట్టు అయితే గొడవ లేదు.

ఫలితం 12 గంటల్లో రావచ్చు, మూడు రోజులు కూడా పట్టొచ్చు. మొదటి రెండు మూడు రోజులు కడుపు ఉబ్బరం, గ్యాస్ ఉంటాయి. అది చూసి మానేయకండి. మూడు నాలుగు రోజులకి రోజుకు రెండు చెంచాలకి పెంచండి.

ఎవరు వాడకూడదు? మింగడం కష్టంగా ఉన్నవాళ్లు, మంచం పట్టినవాళ్లు, గుండె లేదా కిడ్నీ జబ్బు వల్ల నీళ్లు కొలిచి తాగమని డాక్టర్ చెప్పినవాళ్లు, మలం గట్టిపడి అప్పటికే అడ్డుపడి ఉన్నవాళ్లు. ట్రమడాల్, మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి మందుల వల్ల వచ్చిన మలబద్ధకానికీ ఇది సరైనది కాదు. కదలిక తగ్గిన పేగులో పొట్టు పేరుకుపోతుంది.

6. దానితో కాకపోతే నీటిని లాగే మందులు

లాక్టులోజ్ సిరప్ అందరికీ తెలిసిందే. తియ్యగా, చిక్కగా ఉంటుంది. ఇది రక్తంలోకి దాదాపుగా వెళ్లదు. పెద్దపేగులోకి నీటిని లాగుతుంది. పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 15 నుంచి 30 మిల్లీలీటర్లు. మూతతో వచ్చే కొలతతోనే కొలవండి, ఇంట్లో చెంచాలన్నీ ఒక సైజు ఉండవు. పనిచేయడానికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి మూడు పడుతుంది. రాత్రి తాగి పొద్దున అవలేదని ఇంకో మూత తాగేవాళ్లు మూడో రోజున బాత్రూమ్ వదల్లేరు. గ్యాస్ బాగా వస్తుంది. చిన్న డోసుతో మొదలుపెడితే తక్కువ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు మామూలు డోసులో వాడొచ్చు, ఎక్కువ డోసు రోజుల తరబడి అయితే షుగర్ చూసుకోవాలి.

రెండోది పాలీఎథిలిన్ గ్లైకాల్ పొడి. రుచి పెద్దగా ఉండదు, గ్యాస్ లాక్టులోజ్ కంటే తక్కువ. 17 గ్రాములు ఒక గ్లాసు నీళ్లలో కరిగించి రోజుకోసారి. ఒకటి నుంచి మూడు రోజుల్లో పనిచేస్తుంది. నన్నడిగితే, పొట్టు పడని పెద్దవాళ్లకు ఇదే మేలు. ఒక జాగ్రత్త: కొలనోస్కోపీకి (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ముందు పేగు మొత్తం కడగడానికి రెండు లీటర్ల నీళ్లలో కలిపి తాగే పెద్ద ప్యాకెట్‌లో కూడా ఇదే మందు ఉంటుంది, దాంతో పాటు లవణాలు ఉంటాయి. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. "రోజూ మోషన్‌కి వాడేది" అని చెప్పి మరీ తీసుకోండి.

7. తెల్ల సిరప్‌లు

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే తెల్లటి లేదా గులాబీ రంగు సిరప్‌లలో చాలావాటిలో మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, లిక్విడ్ పారాఫిన్ కలిసి ఉంటాయి. అప్పుడప్పుడు ఒకటి రెండు రోజులు వాడటానికి పర్వాలేదు. నెలల తరబడి ఫ్రిజ్ మీద ఉంచుకుని రోజూ తాగే మందు మాత్రం కాదు.

మెగ్నీషియం ఒంట్లోంచి బయటికి పోవాల్సింది కిడ్నీల గుండా. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో అది రక్తంలో పేరుకుని మత్తు, కండరాల బలహీనత, బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం దాకా తీసుకెళ్తుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) ఎక్కువగా ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే ఈ రకం ముట్టుకోవద్దు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌ని కూడా ఇది పట్టి ఉంచేస్తుంది. వాడేటప్పుడు కొన్ని గంటల ఎడం ఉండాలి.

లిక్విడ్ పారాఫిన్ నూనె. పడుకుని తాగినా, తాగి వెంటనే పడుకున్నా, కొంచెం శ్వాసనాళంలోకి జారితే ఊపిరితిత్తుల్లో న్యుమోనియా తెస్తుంది. పొరబోయే అలవాటున్న ముసలివాళ్లకూ, చిన్న పిల్లలకూ ఇది ఇవ్వకూడదని చెప్పేది అందుకే. ఎక్కువకాలం వాడితే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. బట్టల మీద నూనె మరకలు కూడా దీని వల్లే.

8. పేగును కదిలించే మాత్రలు, చూర్ణాలు

బిసకోడిల్ పసుపు మాత్ర, సెన్నా మాత్ర, సునాముఖి కలిసిన చూర్ణం అన్నీ ఈ జాతే. ఇవి 6 నుంచి 12 గంటల్లో పనిచేస్తాయి. అందుకే రాత్రి పదికి వేసుకుంటే పొద్దున అవుతుంది. పొద్దున వేసుకుని ఆఫీసుకి, బస్సు ప్రయాణానికి బయల్దేరకండి.

బిసకోడిల్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి చాలు. పనిచేయకపోతే ఇంకో రోజు రాత్రి రెండు. మాత్ర నమలకూడదు, విరగ్గొట్టకూడదు. దాని మీద పూత కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లాక కరగడానికి వేసింది. పాలతో గానీ, అసిడిటీ మందుతో గానీ వేసుకుంటే ఆ పూత ముందే కరిగి కడుపులో మంట, మెలిపెట్టే నొప్పి వస్తాయి. వాటికీ దీనికీ గంట ఎడం ఉంచి, మంచినీళ్లతో మింగండి.

చూర్ణాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. "ఆయుర్వేదమే కదా, ఏమీ చేయదు" అని రోజూ రాత్రి చెంచా చూర్ణం వేసుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. డబ్బా వెనుక సునాముఖి, సోనాముఖి, స్వర్ణపత్రి, సెన్నా, వీటిలో ఏ పేరున్నా ఒకటే ఆకు. మనం నేలతంగేడు అనేదీ ఇదే. ఇంగ్లిషు మందుల షాపులో సెన్నా మాత్రలో ఉన్నదీ ఇదే. కాబట్టి మాత్రకి ఉన్న హద్దులన్నీ చూర్ణానికీ వర్తిస్తాయి. కొన్ని చూర్ణాల్లో నల్ల ఉప్పు, క్షారాలు కూడా ఉంటాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు రోజూ ఆ ఉప్పు మంచిది కాదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మాత్రమే ఉన్న త్రిఫల అయితే దీనికంటే నెమ్మదైనది, కానీ త్రిఫల అని పేరున్న డబ్బాలో సునాముఖి కలిపారేమో చదివి చూసుకోండి. "స్లిమ్మింగ్ టీ" అని అమ్మేవాటిలో కూడా ఈ ఆకు ఉంటుంది. దానితో తగ్గేది నీరు, కొవ్వు కాదు. ఇంట్లో ఆడపిల్లలు బరువు కోసం ఇలాంటివి తాగుతున్నారేమో ఒక కన్నేసి ఉంచండి.

ఈ మందుల వల్ల పేగు శాశ్వతంగా చచ్చుబడిపోతుందని ఒక భయం ప్రచారంలో ఉంది. చెప్పిన డోసులో వాడితే అలా జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. అసలు ప్రమాదం డోసు పెంచుకుంటూ పోవడం. రోజూ నీళ్లలా అయ్యేటంత వాడితే పొటాషియం పడిపోతుంది. కాళ్లు పీకడం, నీరసం, గుండె దడ వస్తాయి. బీపీకి నీరు పోయే మాత్రలు, గుండెకి డిజాక్సిన్ వాడేవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం.

డోసు ఎందుకు పెరుగుతుందో అర్థం చేసుకుంటే ఆ ఉచ్చులో పడరు. గట్టి మందు వేసుకున్న రోజు పెద్దపేగు దాదాపు మొత్తం ఖాళీ అయిపోతుంది. మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు మోషన్ రాకపోవడం సహజం, లోపల ఏమీ లేదు. కానీ మనిషికి భయం వేస్తుంది, "మందు వేసుకుంటే తప్ప అవడం లేదు" అని మళ్లీ వేసుకుంటాడు. పేగు మళ్లీ ఖాళీ. అలా ఏళ్లు గడుస్తాయి. కాబట్టి ఈ రకం మందు పనిచేసిన తర్వాత రెండు మూడు రోజులు ఏమీ వేసుకోకుండా ఆగండి. ఆ రోజుల్లో పొట్టు, నీళ్లు, తిండి చూసుకోండి. డాక్టర్ చెప్పకుండా వరుసగా వారం మించి ఈ మందులు వాడొద్దు.

9. కింది నుంచి పెట్టేవి, ఎనిమాలు

మలం ద్వారం దగ్గరే గట్టిపడి ఆగిపోయినప్పుడు గ్లిజరిన్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు బిళ్ల) ఉపయోగపడుతుంది. కవరు తీసి, కొంచెం తడిపి, ఎడమ పక్కకి తిరిగి పడుకుని, వేలితో లోపలికి నెట్టి, 15 నిమిషాలైనా ఓపిక పట్టండి. బిసకోడిల్ సపోజిటరీ కూడా 15 నిమిషాల నుంచి గంటలోపు పనిచేస్తుంది. ఫిషర్ ఉండి నొప్పిగా ఉన్నప్పుడు ఇవి పెట్టకండి.

సోడియం ఫాస్ఫేట్ ఎనిమా ప్యాక్‌లు షాపుల్లో తేలిగ్గా దొరుకుతాయి. 24 గంటల్లో ఒకటి కంటే ఎక్కువ వాడితే కిడ్నీలకూ గుండెకూ తీవ్ర హాని జరగొచ్చని, మరణాలు కూడా సంభవించాయని 2014 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఒకటి పెట్టాక పని కాలేదని రెండోది పెట్టడమే అక్కడి ప్రమాదం. మొదటిది లోపలే ఉండిపోతే ఇంకోటి కాదు, డాక్టర్. 55 ఏళ్లు దాటినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు రోజూ వాడేవాళ్లు అడగకుండా ఇది పెట్టుకోవద్దు. సబ్బునీళ్ల ఎనిమా ఇంట్లో చేయకండి, పేగు లోపలి పొర పుండవుతుంది.

10. వీళ్ల విషయంలో ఆగండి

పసిపిల్లలు. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ నెల దాటాక కొన్ని రోజులు మోషన్ వెళ్లకపోయినా, వెళ్లినప్పుడు మెత్తగా ఉండి, పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతుంటే కంగారు పడక్కర్లేదు. పుట్టిన మొదటి 48 గంటల్లో నల్లటి మొదటి మలం వెళ్లకపోయినా, కడుపు ఉబ్బినా, పచ్చగా వాంతి చేసుకున్నా మాత్రం వెంటనే ఆసుపత్రి. తమలపాకు కాడకి ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం మన ఇళ్లలో పాత పద్ధతులు. ప్రేమతో చేసేవే అయినా ఆ లేత చర్మం చిట్లుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది. మానేయండి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించొద్దు. నోట్లో ఆముదం పోయొద్దు. బడికి వెళ్లే పిల్లలు చాలామంది బాత్రూమ్ బాగోలేక బిగబట్టుకుని మలబద్ధకం తెచ్చుకుంటారు. ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోండి. మందు, డోసు పిల్లల డాక్టర్ చెప్పాలి.

గర్భిణులు. ఐరన్ మాత్రల వల్లా, హార్మోన్ల వల్లా మలబద్ధకం సాధారణం. ఐరన్ ఆపకండి. ఇసబ్గోల్, లాక్టులోజ్ సాధారణంగా క్షేమమే, అయినా మీ డాక్టరమ్మకి చెప్పి మొదలుపెట్టండి. ఆముదం వద్దు, గర్భాశయం బిగుసుకునేలా చేస్తుంది. సునాముఖి చూర్ణాలూ సొంతంగా వద్దు.

ముసలివాళ్లు. ఎన్నాళ్లుగానో మోషన్ లేని పెద్దాయనకి ఉన్నట్టుండి నీళ్లనీళ్లగా కారుతూ బట్టలు పాడైతే అది విరేచనాలని, వాటిని ఆపే లోపెరమైడ్ మాత్ర వేసేయకండి. లోపల గడ్డకట్టిన మలం పక్కనుంచి నీరు జారుతుండొచ్చు. వేలితో పరీక్ష చేస్తే తెలుస్తుంది, డాక్టర్‌కి చూపించండి.

11. మందుతో పాటు ఇవీ

తిన్న తర్వాత, ముఖ్యంగా పొద్దున టిఫిన్ తర్వాత, పెద్దపేగు తనంతట తాను కదులుతుంది. ఆ అరగంటలో బాత్రూమ్‌కి వెళ్లి కూర్చోండి. ఫోన్ లోపలికి తీసుకెళ్లకండి, పది నిమిషాలకి మించి కూర్చోకండి. వెస్టర్న్ కమోడ్ వాడేవాళ్లు కాళ్ల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు నడుము కంటే పైకి వచ్చేలా ముందుకు వంగి కూర్చుంటే దారి నిటారుగా అవుతుంది. వచ్చినప్పుడు ఆపుకోవద్దు.

తిండిలో తెల్లన్నం తగ్గించి ఒక పూట జొన్న రొట్టె, రాగి సంగటి. కూరల్లో తోటకూర, గోంగూర, చిక్కుడు, బెండకాయ. జామకాయ గింజలతో సహా, బొప్పాయి, నానబెట్టిన ఎండుద్రాక్ష. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు అందాలి. ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం వస్తుంది, వారం రెండు వారాల్లో మెల్లగా పెంచండి. మన ఎండాకాలంలో చెమటకి నీళ్లన్నీ పోతాయి, ఏప్రిల్, మేలో మలబద్ధకం పెరగడానికి అదొక కారణం. మజ్జిగ, నీళ్లు ఎక్కువ తీసుకోండి. పొటాషియం తగ్గించమని చెప్పిన కిడ్నీ రోగులు మాత్రం పండ్లు, ఆకుకూరలు తమ డాక్టర్ చెప్పిన మేరకే తినాలి.

12. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు చూపించుకోవాలి

మోషన్ మూడు, నాలుగు రకాల్లో వారం పది రోజులు స్థిరంగా వస్తుంటే మందు మెల్లగా తగ్గించండి. లాక్టులోజ్ 30 నుంచి 15కి, తర్వాత రోజు విడిచి రోజు. ఇసబ్గోల్ రోజూ కొనసాగించినా నష్టం లేదు. నీళ్ల విరేచనాలు మొదలైతే మందు వెంటనే ఆపి ఓఆర్ఎస్ తాగండి.

ఒక మందు సరైన డోసులో వారం వాడినా మార్పు లేకపోతే ఇంకో సీసా కొనకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, చూర్ణాల డబ్బాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఎప్పటి నుంచి, వారానికి ఎన్నిసార్లు, ఏ రకం అన్నది కాగితం మీద రాసుకోండి. డాక్టర్ థైరాయిడ్, షుగర్, కాల్షియం పరీక్షలు రాయొచ్చు, వయసును బట్టి కొలనోస్కోపీ చెప్పొచ్చు. కొంతమందిలో పేగు బాగానే ఉంటుంది, ముక్కేటప్పుడు వదలాల్సిన కింది కండరం బిగుసుకుంటుంది. వాళ్లకు ఏ మందూ పూర్తిగా పనిచేయదు. ఆ కండరాన్ని వదలడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ ఉంది, పెద్ద ఆసుపత్రుల గ్యాస్ట్రో విభాగాల్లో దాని గురించి అడగండి.